ఇంటి లెక్కలు: కచేరీ పని పట్టుటకు ముందు

గత కార్తికమున నొక సాయంసమయమందు మా వీధిలోని యొక యిల్లాలు మా గుమ్మములో కూర్చుండి, చెంగున మూటగట్టి తెచ్చిన కాగితములను మా ముందు పఱచినది. ఆమె పెనిమిటి మగ్గము నేయువాడు. ఆమెయు మఱి నలుగురు స్త్రీలును ద్వాక్రా సంఘముగా నేర్పడి, పెండ్లిండ్లకును వ్రతములకును వంటలు చేసిపెట్టుచు మంచి పేరు తెచ్చుకొన్నారు. ఆ పేరు విని యొక కచేరీవారు తమ శిక్షణ తరగతులకు దినమునకు 50 భోజనముల చొప్పున 12 దినములు పంపుమని కోరిరి. తక్కినవారికంటె తక్కువ ధర వేసినందున పని తమకే దక్కినదని యైదుగురును పొంగిపోయిరి. భోజనములు వేళకు వెళ్ళినవి. తిన్నవారు మెచ్చుకొనిరి. బిల్లు మాత్రము ఏడు నెలల వఱకు రాలేదు.

ఆ యేడు నెలలలో పచారీకొట్టు బాకీ తీర్చుటకు ఆమె చేతి గాజులు కుదువకు వెళ్ళినవి. తుదకు సొమ్ము చేతికి వచ్చిన దినమున లెక్క చూచుకొనగా, మిగిలిన లాభముకంటె కట్టిన వడ్డీ యెక్కువయ్యెను.

“పంతులమ్మగారూ, మా వంటలో ఏం లోటుందండీ?” అని యామె మమ్మడిగినది.

వంటలో లోటు లేదు. ధర వేయునప్పుడు ఆమె యొక పద్దు మఱచినది. ఆ పద్దును గూర్చియే యీ మాసము వ్రాయదలచితిమి. ప్రభుత్వపు పనులను పట్టవలెనని తలచు సోదరీమణులు మునుపటికంటె నిపుడు పెక్కండ్రుగా నున్నారు. పని యెట్లు దొరకునో చెప్పువారు కలరు కాని, దొరకిన పిమ్మట నెట్లు నిలువవలయునో చెప్పువారు తక్కువ.

మన మంగళగిరి యిపుడు పూర్వపు మంగళగిరి కాదు. 2021లో మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘములు రెండును కలిసి యొక నగరపాలక సంస్థ యయ్యెను. ఎయిమ్సు వైద్యాలయము 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమయ్యెను. కచేరీలును, వసతిగృహములును, ఆసుపత్రులును పెరిగినచోట వండి వడ్డించువారు, దుస్తులు కుట్టువారు, దుప్పట్లు ఉదుకువారు, తోటలు పెంచువారు, గదులు శుభ్రపఱచువారు కావలసివత్తురు. ఇవన్నియు స్త్రీలెఱిగిన పనులే. స్త్రీసంఘములు వీనిని ఒప్పందముపై చేయుటయు క్రొత్తగాదు. కృష్ణకు ఆవలి యొడ్డున విజయవాడ నగరపాలక సంస్థవారు వీధులు చిమ్ము పనిని మహిళా సంఘములకు అప్పగించి చేయించిన దినములు కలవు. కేరళమున 1998లో ఆరంభమైన కుటుంబశ్రీ స్త్రీలు 2017లో కొచ్చి మెట్రో స్టేషనులలో టిక్కెట్లిచ్చుట, శుభ్రపఱచుట మొదలగు పనులకు కుదిరిరి. మన రాష్ట్రమున 2003 నుండి బడిపిల్లలకు మధ్యాహ్నము వండిపెట్టుచున్న వారిలో సంఘముల స్త్రీలే మెండు. కావున “ఇది మనవల్ల నగునా?” యన్న సందేహమును విడిచి, అసలు విషయమునకు వత్తము.

కచేరీలు పని నిచ్చు పద్ధతులు ముఖ్యముగా మూడు. మిక్కిలి చిన్న పనిని ఎఱిగినవారిని పిలిచి యిత్తురు. కొంచెము పెద్దదైనచో ముగ్గురు నలుగురి వద్ద కొటేషనులు పుచ్చుకొని తక్కువ ధరవారి కిత్తురు. అంతకు మించినదానికి టెండరు పిలుతురు. టెండరులు నేడు పెట్టెలో వేయు కవరులు కావు. రాష్ట్రపు కచేరీలవి ఇ-ప్రొక్యూర్‌మెంటు అను ప్రభుత్వ జాలస్థలిలోను, కేంద్రపు కచేరీలవి పెక్కు 2016లో ఆరంభమైన జెమ్ అను ప్రభుత్వపు అంగడిలోను జరుగును. క్రొత్తవారు మొదటి రెండు పద్ధతులతో ఆరంభించుట మంచిది. ఏలయన, టెండరులలో తఱచుగా “ఇంతకుముందిట్టి పని చేసిన దాఖలా చూపుము” అని యడుగుదురు. చిన్న పని ముగిసినప్పుడు కచేరీ ముద్రతో పుచ్చుకొన్న యొక్క ధ్రువపత్రము ముందు దినములలో పెద్ద పనికి తలుపు తెఱచును. మా పొరుగామె పండ్రెండు దినములు వండియు అట్టి పత్రము నడుగనేలేదు. సొమ్ముతోబాటు ఇదియు నొక నష్టమే.

టెండరులో రెండు భాగము లుండును. మొదటిది అర్హతను చూపు సాంకేతిక భాగము. రెండవది ధరను చూపు భాగము. మొదటి భాగమున తప్పినవారి ధరను తెఱచియైన చూడరు. ఎంత చౌకగా వేసినను ఒక కాగితము తక్కువైన కారణమున నెందఱో తొలగిపోవుదురు. కావున ప్రకటనను తుది పుట వఱకు చదువవలయును. తుది తేది, ధరావతు, అనుభవము, పని జరుగు స్థలము, జరిమానా షరతు, బిల్లు చెల్లించు గడువు అను ఈ యాఱింటిని వేఱుగా నొక కాగితముపై వ్రాసికొనుడు. ఆఱవది ప్రకటనలో కానరానిచో, టెండరు వేయుటకు ముందే కచేరీవారిని లిఖితపూర్వకముగా నడుగుడు.

ఇక కాగితముల మాట. సంఘము పేర బ్యాంకు ఖాతా, పాన్ సంఖ్య, అన్నము వండువారికి ఆహార భద్రతా సంస్థవారి నమోదు, టెండరు వేయువారికి డిజిటల్ సంతకము వలయును. వీనికంటె ముందుగా చేసికొనవలసినది ఉద్యం నమోదు. ఇది 2020 జూలై 1వ తేది నుండి అమలులో నున్నది. ఆధార్ సంఖ్యతో ఇంటనుండియే చేసికొనవచ్చును. దీనికి ఒక్క కాసైనను రుసుము లేదు. నమోదు చేయింతుమని సొమ్మడుగు మధ్యవర్తులను గుమ్మములోనే నిలిపివేయుడు.

ఈ నమోదువలన కలుగు మేలు చిన్నది కాదు. కేంద్ర ప్రభుత్వపు శాఖలును, కేంద్ర రంగ సంస్థలును తాము సంవత్సరమున కొను సరకులలోను సేవలలోను నూటికి 25 వంతులు సూక్ష్మ, చిన్న వ్యాపారుల వద్దనే కొనవలెననియు, అందులో 3 వంతులు స్త్రీల వ్యాపారములనుండి కావలెననియు నియమము కలదు. ఆ యుత్తరువు 2012లో వచ్చినది. 2018లో సవరింపబడినది. దానినిబట్టి టెండరు పత్రములు వారికి ఉచితము. ధరావతు కట్టనక్కఱలేదు. పనిని పంచుటకు వీలున్నచోట, అందఱికంటె తక్కువ ధర వేసినవాడు పెద్ద వ్యాపారియైనచో, అతని ధరకు నూటికి 15 వఱకు హెచ్చుగా వేసిన చిన్న వ్యాపారి, అతని ధరకే చేయుటకు ఒప్పుకొని, పనిలో కొంత వంతు పొందవచ్చును. అయితే ఇది కేంద్రపు నియమము. నగరపాలక సంస్థ పిలుచు టెండరులకు రాష్ట్రపు నియమములు వర్తించును. కావున అక్కడ ధరావతు మినహాయింపు ఉన్నదో లేదో ఆయా ప్రకటనలోనే చూచుకొనవలయును. ఒకచోటి మినహాయింపును నమ్మి మఱియొకచోట ధరావతు కట్టక టెండరు పోగొట్టుకొనరాదు.

ఇపుడు మా పొరుగామె మఱచిన పద్దునకు వత్తము.

ఆమె భోజనమునకు 80 రూపాయల ఖర్చు పడునని లెక్క వేసి, 90 రూపాయలకు ఒప్పుకొన్నది. 50 భోజనములు 12 దినములనగా 600 భోజనములు. ఖర్చు 48,000 రూపాయలు. రావలసినది 54,000. లాభము 6,000. ఇంతవఱకు లెక్క సరియే. కాని ఆ 48,000 రూపాయలును పచారీకొట్టు బాకీయు, కుదువ సొమ్మును కలిసినవి. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. నెలకు 960 రూపాయల చొప్పున ఏడు నెలలకు 6,720. ఆఱువేల లాభమునకై ఐదుగురు స్త్రీలు పండ్రెండు దినములు పొగలో నిలిచి, తుదకు 720 రూపాయలు తామే యెదురిచ్చుకొన్నారు. వారి కూలి ఈ లెక్కలో చేరనేలేదు. తమ చెమటకు వెల కట్టుకొనుట స్త్రీలు తఱచుగా మఱచు మఱియొక పద్దు. ఆ పని వారికి దక్కకపోయినచో లాభము లేకపోయెడిది గాని, గాజులు చేతనే యుండెడివి. టెండరు పోగొట్టుకొనుటకంటె గెలుచుటయే నష్టమైన సందర్భ మిది.

కావున ధర వేయునపుడు సరకులు, వంటచెఱకు లేక గ్యాసు, బండి కిరాయి, పాత్రల అరుగుదల, మన కూలి, పన్నుగా పట్టుకొను మొత్తము అను పద్దుల క్రింద “ఎదురుచూపు” అను నొక పద్దును చేర్చుడు. బిల్లు రెండు మూడు నెలలు పట్టునని యెఱిగిన కచేరీయైనచో మూడు నెలల వడ్డీని ఖర్చులోనే కలుపుడు. అట్లు కలిపినందున ధర పెరిగి పని మఱియొకరికి పోయినచో పోనిండు. ఇంకొక లెక్కయు కలదు. దినమునకగు ఖర్చును, పని మొదలైనది మొదలు బిల్లు వచ్చువఱకు గడుచు పని దినములతో గుణింపుడు. నెల నెల సాగు పనియైనచో ఈ మొత్తమే మీరు కచేరీలో నిలిపి యుంచవలసిన సొమ్ము. అంత సొమ్ము చేతిలో గాని, తక్కువ వడ్డీకి బ్యాంకులో గాని లేనిచో ఆ పని మీకు పెద్దది. దానిలో సగమునో, పావునో అడుగుడు.

మన కొండమీది పానకాలస్వామి బిందెడు పానకము పోసినను, చెంబెడు పోసినను, సగము పుచ్చుకొని సగము ప్రసాదముగా తిరిగి యిచ్చునని మనవారి విశ్వాసము. కచేరీ పని పట్టు స్త్రీ తన మూలధనములో సగమెపుడును లోపలనే యుండునని తలచి, చేత మిగిలిన సగముతో ఇల్లు గడుచునా యని చూచుకొని మఱి దిగవలయును. స్వామి కిచ్చినది భక్తితో నిచ్చితిమి. కచేరీలో నిలిచినది మాత్రము తిరిగి రావలసిన సొమ్ము.

అప్పు తప్పనిచో నూటికి రెండు రూపాయల వడ్డీవానిని ఆశ్రయింపకుడు. సంఘము పేర బ్యాంకు ఇచ్చు ఋణము గాని, 2015లో ఆరంభమైన ముద్రా ఋణములలో 50,000 రూపాయల వఱకు నిచ్చు శిశు ఋణము గాని పని పట్టుటకు ముందే కుదుర్చుకొనుడు. పట్టణపు సంఘములకు మెప్మావారు ఇందు త్రోవ చూపుదురు. పని మొదలైన పిమ్మట అవసరమునకు పరుగెత్తినవారికి దొరకునది కుదువ కొట్టే.

ధరను మనము వేయుటకు వీలులేని పనులును కలవు. మధ్యాహ్న భోజనము అట్టిది. ప్రాథమిక పాఠశాలలో ఒక్కొక్క బిడ్డకు దినుసులకై కేంద్రము నిర్ణయించిన కనీసపు వెల 2025 మే 1వ తేది నుండి 6 రూపాయల 78 పైసలు. బియ్యము ప్రభుత్వమే యిచ్చును. నూఱుమంది పిల్లలకు 24 దినముల లెక్కను నెలకు 16,272 రూపాయలగును. మూడు నెలల బిల్లు నిలిచినచో 48,816 రూపాయలు పచారీకొట్టులో బాకీ. నూటికి రెండు చొప్పున నెలకు వడ్డీ 976 రూపాయలు. నూఱుమందికి వండువారు ఇద్దరు. ఒక్కొక్కరి వంతు 488. మన రాష్ట్రమున 2019లో వారి గౌరవ వేతనమును వేయి నుండి మూడు వేల రూపాయలకు పెంచిరి. బిల్లు అట్లే నిలిచి యున్నంతకాలము, ఆఱు నెలల వేతనములో దాదాపు ఒక నెల వేతనము వడ్డీకే చెల్లును. బడి గంట కొట్టిన పిమ్మట “బిల్లు రాలేదు, నేడు వండము” అని చెప్పగల స్త్రీని మేమింతవఱకు చూడలేదు. ఆకొన్న బిడ్డల ముందు ఏ తల్లియు గరిటె దింపజాలదు. ఆ జాలిని నమ్ముకొనియే బిల్లులు ఆలస్యమగుచున్నవేమో యని మాకొక్కొక్కప్పుడు తోచును.

చట్టము ఈ విషయమున నూరకున్నదా? లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరగతి వ్యాపారముల చట్టము ప్రకారము, చిన్నవారి సరకును గాని సేవను గాని స్వీకరించిన దినమునుండి 45 దినములకు మించి గడువు పెట్టుటకు వీలులేదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీని నెల నెల చక్రవడ్డీగా లెక్కకట్టి యీయవలసి యుండును. పనిపై ఆక్షేపణ యున్నచో 15 దినములలో వ్రాతమూలకముగా తెలుపవలయును. ఊరకుండి నాలుగు నెలల పిమ్మట “అన్నము పలుచన” యనిన చెల్లదు. గడువు మీఱినవారిపై రాష్ట్రములోని ఫెసిలిటేషను కౌన్సిలునకు మొఱ పెట్టుకొనవచ్చును. అందులకై 2017లో సమాధాన్ అను జాలస్థలిని ఏర్పఱచిరి. ఈ హక్కు కావలసినవారు ఒప్పందము కుదుర్చుకొనుటకు ముందే ఉద్యం నమోదు ముగించియుండుట క్షేమము. బిల్లు ఏ బల్లపై నిలిచినదో తెలియనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడిగిన, 30 దినములలో బదులీయవలయును.

కాని ఈ చట్టములన్నియు దినము వేసిన కాగితముతోనే పలుకును. కావున మూడు అలవాట్లు చేసికొనుడు. పని చేయుమని నోటితో చెప్పినచో వ్రాసి యిమ్మనుడు. అప్పగించిన ప్రతిదినమును ఎన్ని భోజనములో, ఎన్ని జతలో వ్రాసి, పుచ్చుకొన్నవారి సంతకమును తేదితో వేయించుకొనుడు. బిల్లు ఇచ్చినప్పుడు నకలుపై ముద్ర వేయించుకొనక వెనుకకు రాకుడు. మా పొరుగామె మూటలో అన్నియు నున్నవి గాని, బిల్లు ఏనాడిచ్చినదో చూపు ముద్ర మాత్రము లేదు. కచేరీవారు “మొన్ననే వచ్చినది” అనిరి. ఆమె యూరకుండవలసి వచ్చెను.

“మొఱ పెట్టినచో మరల పని యిత్తురా?” అని మీరడుగవచ్చును. ఇది వట్టి భయము కాదు. అందుచేతనే మొదట మర్యాదగా నొక లేఖ, పదునైదు దినములకు రెండవ లేఖ, ఆ పిమ్మట సంఘముల సమాఖ్య పేర మూడవ లేఖ వ్రాయుడు. ఒంటరి స్త్రీపై కోపగించుట సులభము. పది సంఘములు కలిసి వ్రాసిన లేఖను త్రోసివేయుట కష్టము.

భారతము సభాపర్వమున నారదుడు ధర్మరాజును చూడవచ్చి రాజ్యపాలనను గూర్చి పెక్కు ప్రశ్న లడుగును. వానిలో, పనివారలకు నాలుగు మాసములకు చాలు ద్రవ్యమును ఉపకరణములను ఇచ్చుచున్నావా యన్నదియు నొకటి. సేనలకు జీతము వేళకు ముట్టుచున్నదా యన్నది మఱియొకటి. చిన్నతనమున మా తండ్రిగారి వద్ద ఈ ఘట్టమును చదువుకొన్నపుడు మాకిది రాజుల మాటగానే తోచినది. నేడు మా పొరుగామె కాగితములు చూచిన పిమ్మట దాని యర్థము వేఱుగా తోచుచున్నది. ఆనాడు ప్రభువు పనివారికి ముందుగా నీయవలెనని ధర్మము. నేడు గాజులు కుదువబెట్టి పనివారే ప్రభుత్వమునకు అప్పిచ్చుచున్నారు.

ప్రభుత్వములు తలచినచో చిన్నవారికి త్రోవ చేయలేకపోవు. బ్రెజిలు దేశమున 2009లో నొక చట్టము చేసి, బడి భోజనములకు జాతీయ నిధినుండి వచ్చు సొమ్ములో నూటికి 30 వంతులకు తక్కువ కాకుండ చిన్న రైతు కుటుంబముల వద్ద కొనవలెనని విధించిరి. మన కచేరీలవారును పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడదీసి పిలిచి, బిల్లు చెల్లించు దినమును ప్రకటనలోనే వ్రాసినచో, కొత్త పథకము లేకయే వేలకొలది యిండ్లకు మేలగును. సంఘముల సమావేశములలో మనము కోరవలసినది ఈ రెండే.

మొన్న ఆ యిల్లాలు మఱియొక ప్రకటన పట్టుకొని వచ్చినది. ఈ మాఱు 30 దినముల పని, దినమునకు నూఱు భోజనములు. ఆమె కన్నులలో ఆశ యున్నది గాని చేతుల గాజులింకను కొట్టులోనే యున్నవి. ఇద్దఱమును కూర్చుండి ఎదురుచూపు పద్దుతో సహా లెక్క వేసితిమి. ధర 90 కాదు, 104 వచ్చినది. “ఇంత వేస్తే మాకిస్తారాండీ?” అన్నది. ఈయకపోవచ్చునని నిజమే చెప్పితిమి. ఆమె కొంతసేపాలోచించి, ముందుగా బిల్లు గడువు నడుగుచు కచేరీకి లేఖ వ్రాసిపెట్టుమన్నది. వ్రాసితిమి. ఆమె మఱునాడు దానిని తానే తీసికొనిపోయి, నకలుపై ముద్ర వేయించుకొని వచ్చి, ముందుగా ఆ ముద్రను మాకు చూపినది. బదులింకను రాలేదు.

సోదరీమణులారా, మీలో నెవరైన నిట్టి పనులు చేసినవారున్నచో, బిల్లునకు పట్టిన దినములను మాత్రము మాకు వ్రాయుడు. ఊరి పేరును, కచేరీ పేరును వలదు. వచ్చు మాసమున, సంఘపు పద్దుపుస్తకమును ఐదుగురును చదువగలుగునట్లు వ్రాయుట యెట్లో ముచ్చటింతము.